తూర్పు గదిలో మంచం

జమ్మలమడుగు దాటి గండికోట దోవలో కొంచెం దూరం పోతే, ఎడమపక్క వేపచెట్ల మధ్య ఒక చిన్న బంగళా ఉంది. మిషను కాలంలో నర్సులు ఉండేవాళ్లట అందులో. తర్వాత నలభై ఏళ్లకు పైగా గబ్బిలాలు తప్ప ఎవరూ లేరు. పులివెందుల అమూల్య దాన్ని కొని, రెండేళ్లు కష్టపడి బాగు చేయించింది. కూలిన మిద్దె లేపించింది, గోడలకు గానుగ సున్నం పూయించింది, లేచిపోయిన నాపబండలు మళ్లీ పరిపించింది. కోట చూడటానికి వచ్చేవాళ్లు రెండు రోజులు ఉండిపోయేటట్టు గదులు అమర్చే పని మాత్రం ప్రొద్దుటూరు కెరోలిన్‌కు అప్పజెప్పింది.

కెరోలిన్‌కు ముప్పై రెండేళ్లు. అప్పటిదాకా ఆమె చేసినవన్నీ పెండ్లి స్టేజీలు, చీరలంగళ్ల అద్దాల అలంకరణలు. అవి రెండు రోజులుండి ఊడిపోయేవి. మనుషులు పడుకుని లేచే గది ఆమె చేతికి రావడం ఇదే మొదలు. అందుకే తొందరపడలేదు. ఒక్కో గదిలో ఒక్కో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరికే కూర్చుని, ఎండ ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో చూసింది. నడవలో రెండు పాత పేము కుర్చీలు వేసింది. పడమటి గదిలో బల్ల, దీపం, గోడకు పుస్తకాల అర. కిటికీలన్నిటికీ జమ్మలమడుగు మగ్గాల మీద నేయించిన పాలమీగడ రంగు తెరలు కట్టింది.

తూర్పు గది దగ్గరే పని ఆగిపోయింది. ఉన్నవాటిలో పెద్ద గది అదే, అందమైనదీ అదే. రెండు కిటికీల ఎండ నేల నడిమి దాకా వస్తుంది. అందులో ఏ మంచం వేసినా గది ఇరుకైపోతోంది. మూడు మంచాలు మార్చి చూసింది. మూడూ వెనక్కి పోయినాయి.

తలుపులు బిగిస్తున్న వడ్రంగి లాల్ బాషా అది చూసి చూసి చెప్పినాడు.

"పాపా, ఈ గది మంచం ఊర్లోనే ఉండాది. కడాకు ఈడున్న సిస్టరమ్మ పోతా పోతా దీవెనమ్మకు ఇచ్చిపోయింది. దీవెనమ్మ ఆమె కాడ ఆయాగా ఉండె. ఇనప మంచం, స్ప్రింగులది. తలకాడ ఇత్తడి గుండ్లుంటాయి."

మరుసటి రోజే కెరోలిన్ చర్చి వెనక వీధికి పోయింది. రెండు గదుల ఇల్లు. గుమ్మంలో కూర్చుని దీవెనమ్మ చింతకాయ దంచుతోంది. డెబ్బై అయిదేళ్ల మనిషి. లోపల, గోడ పక్కన కనిపించింది మంచం. తుప్పు పట్టినా ఠీవి తగ్గలేదు. దాని పక్కనే నేల మీద చాప, చాప మీద ముసలాయన, ఆమె భర్త శాంసన్. నాపరాతి గనిలో ముప్పై ఏళ్లు బండలు కొట్టిన చేతులు ఆయనవి. నీటికాసులొచ్చి నాలుగేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది.

అన్నేళ్లుగా పడుకుంటున్న మంచాన్ని అడగాలంటే కెరోలిన్‌కు నోరు రాలేదు. "వందనాలవ్వా" అని కూర్చుని, బంగళా గురించి చెప్పి, గది గురించి చెప్పి, నీళ్లు తాగి, చివరికి మంచం మాట ఎత్తింది.

"దీన్నా?" అని దీవెనమ్మ రోకలి పక్కన పెట్టింది. "తీసకపో తల్లీ. ఎవురన్నా వచ్చి అడిగితే బాగుండునని శానా దినాల్నుంచి చూస్తాండా. మెత్తని స్పంజి పరుపు మంచం ఒకటి ఇప్పిచ్చు సాలు. ఈ స్ప్రింగులు నా నడుమును నమిలేసినాయి. పక్కకు తిరిగితే సాలు, కిర్రోమని అరుస్తాది."

కెరోలిన్ ముసలాయన వైపు చూసింది. "ఏం తాతా, మీరేమంటారు?"

శాంసన్ చెయ్యి చాపి మంచం కోడు తడిమినాడు. "దాని మంచము. దాని ఇష్టం" అన్నాడు.

కొత్త మంచం, స్పంజి పరుపు వచ్చినాయి. పాత మంచం ఆటోట్రాలీ ఎక్కింది.

కెరోలిన్ ఆ మంచం మీద వారం పని చేసింది. తుప్పంతా గీకించి నల్లరంగు వేయించింది. ఇత్తడి గుండ్లను తనే చింతపండుతో తోమింది. స్ప్రింగు స్ప్రింగుకూ నూనె పెట్టించి, వదులైన బోల్టులన్నీ బిగించింది. తెల్లదుప్పటి పరిచి, తూర్పు గదిలో ఏటవాలుగా, కిటికీకి కొంచెం ఎడంగా వేయించింది. గది ఒక్కసారిగా విశాలమైంది. తెల్లవారి ఎండ కమ్మీల గుండా పడి నేల మీద గీతలు గీసింది. ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉండి, తను చేసినదాన్ని చూసి కళ్లు చెమర్చడం ఆమెకు అదే మొదలు. ఫోనులో ఫొటో తీసి అమూల్యకు పంపింది. అమూల్య దాన్ని తెలిసినవాళ్లందరికీ పంపి, సోమవారం ఫొటోగ్రాఫర్‌ను తీసుకొస్తానంది.

ఆదివారం మధ్యాహ్నం గేటు ముందర ఆటో ఆగింది. దీవెనమ్మ దిగింది. చర్చికి కట్టుకున్న తెల్లచీర ఇంకా ఒంటి మీదే ఉంది. నడవలోకి వచ్చి, మోకాళ్లు పట్టుకుని పేము కుర్చీలో కూలబడింది.

"ఏందవ్వా, మంచం బాగలేదా?"

"మంచానికేం, పూలమాదిరి ఉండాది. మా ముసలాయనతోనే వచ్చింది తంటా." కొంగుతో మొహం తుడుచుకుంది. "నిద్రపోనియ్యడు పాపా. తెల్లార్లూ లేస్తాడు, తడుముకుంటా వచ్చి నా ముక్కు కాడ చెయ్యి పెడతాడు. ఊపిరి ఆడతాందో లేదో చూస్తాడంట. ఒకసారి కాదు, పదిసార్లు. మొన్న నేను నీళ్లకు లేస్తే, ఖాళీ పరుపు తడిమి, ఒకటే కేకలు. వీధంతా లేచింది."

కెరోలిన్ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఎందుకయ్యా ఇట్ల చేస్తాండావు అని కోప్పడినా. అప్పుడు చెప్పె. ఆ ఇనప మంచం అరిస్తే నేనుండానని తెలుస్తాదంట. అటు తిరిగితే ఒక సప్పుడంట, ఇటు తిరిగితే ఒక సప్పుడంట, లేస్తే ఇంకోటంట. కండ్లు పోయినకాడ్నుంచి దాన్ని వింటానే పండుకుంటాండెనంట. ఈ కొత్తదానికి నోరు లేదు గదా." కాసేపు తెరల వంక చూస్తూ కూర్చుంది. "మరి ఆపొద్దే చెప్పొచ్చు గదా అంటే, నీ నడుము నొప్పి గదా, నేనెట్ల వద్దంటా అన్నాడు. యాభై ఏండ్లు కాపురం చేసినా ఈ మనిషికి నోరు తెరిసి అడిగేది రాలేదు."

మంచం ఇమ్మని దీవెనమ్మ అడగలేదు. అడగకుండానే లేచి, తూర్పు గది గుమ్మం దాకా పోయి చూసింది. "శానా బాగ పెట్టినావు పాపా. సిస్టరమ్మ ఉన్నెప్పుడు కూడా ఇంత బాగ లేదు" అని వెనక్కి తిరిగింది. "ఊరికే చెప్పుకుందామని వచ్చినా. నేను పోతా."

ఆటో దాకా పంపి వచ్చి కెరోలిన్ ఆ మంచం అంచున కూర్చుంది. పరుపు కింద స్ప్రింగులు చప్పుడు లేకుండా దిగి, చప్పుడు లేకుండా లేచినాయి. తనే కదా వాటి నోరు మూయించింది. రేపు ఫొటోలు. ఇచ్చిన మాట ఒకటుంది. అమూల్య సులభంగా ఊరుకునే మనిషి కాదు. ఇదే గదిలో మూడు మంచాలు ఓడిపోయినాయి, ఇది పోతే ఇంకోటి దొరకదు. ఇవన్నీ ఆలోచిస్తూనే ఉంది. ఆలోచిస్తూనే లాల్ బాషాకు ఫోను చేసి, ట్రాలీ తెమ్మంది. తర్వాత అమూల్యకు చేసింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా కెరోలిన్? రేపు పొద్దున ఫొటోలు పెట్టుకుని, ఈపొద్దు మంచం ఎత్తిచ్చి పంపుతావా?"

"అక్కా, ఆయప్పకు చూపు లేదు" అని కెరోలిన్ జరిగినదంతా చెప్పింది.

"నీకు వారం టైమిస్తాండా" అంది అమూల్య. "వారంలో ఆ గది నాకు బాగ కనపడల్ల. ఏం పెడతావో నీ తిప్పలు." ఫోను పెట్టేసేముందు గొంతు తగ్గించి, "ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసెనా?" అని అడిగింది.

"అవునక్కా."

"సరే పో."

మంచం చర్చి వెనక వీధికి తిరిగి వచ్చింది. శాంసన్ చేతులతో కమ్మీలన్నీ తడిమి, గుండ్లు పట్టుకుని చూసి, దీవెనమ్మను పడుకోమన్నాడు. ఆమె పడుకుని పక్కకు తిరిగింది. ఏ చప్పుడూ లేదు. ముసలాయన మొహం చిన్నబోయింది.

"నూనె పెట్టిచ్చినా తాతా. బోల్టులు బిగిచ్చినా" అంది కెరోలిన్ తప్పు చేసినట్టు.

"ఏం కాదులే. పానా ఉండాదా?"

లాల్ బాషా సంచిలోంచి పానా తీసి ఇచ్చినాడు. కిరసనాయిలు గుడ్డతో కెరోలిన్ ఒక్కో స్ప్రింగు తుడుస్తూ పోయింది. తర్వాత బోల్టుల వంతు. ముసలాయన గోడకు చేరబడి, తల ఒకవైపుకు వంచి కూర్చున్నాడు. దీవెనమ్మ దొర్లడం, ఆయన వినడం.

"అది కాదు. తలకాడ, ఎడమపక్కది, ఇంగొంచెం వదులు చెయ్యి."

కెరోలిన్ వదులు చేసింది. దీవెనమ్మ విసుక్కుంటూ దొర్లింది. కిర్రుమంది.

"అది సరిపాయె. కాళ్లకాడ కుడిపక్కది అర తిప్పు. అర సాలు."

మళ్లీ దొర్లింది. ఈసారి చప్పుడు రెండు ముక్కలుగా వచ్చింది, మొదట చిన్నది, తర్వాత పెద్దది.

"ఆ" అన్నాడు శాంసన్. "కుడి మోకాలు నొస్తాంది నీకు. ఆడ ఒక గడియ ఆగి, అప్పుడు తిరిగినావు."

దీవెనమ్మ గోడ వైపుకు తిరిగే ఉండిపోయింది.

స్పంజి పరుపు మాత్రం ఆమె వదల్లేదు. దాన్నే స్ప్రింగుల మీద వేయించుకుంది. పరుపు మందానికి చప్పుడు తగ్గింది గాని, ముసలాయనకు అది చాలునట. కొత్త చెక్క మంచం మీద బొంత పరిచి ఆయనను చాప మీంచి పైకెక్కించినారు. రెండు మంచాలూ ఆనించి వేస్తే గదిలో నడవడానికి దోవ లేకుండా పోయింది. దానికి ఇద్దరిలో ఎవరూ బాధపడలేదు.

చేతులు కడుక్కుంటున్న కెరోలిన్‌ను శాంసన్ అడిగినాడు. "మరి ఆ గదికి ఏం పెడతావు పాపా?"

"తెలీదు తాతా. ఏం పెట్టినా ఇరుకైతాంది."

"ఎండాకాలం మా గనికాడ పనోళ్లము యాడ పండుకునేవాళ్లమో తెల్సా? బండ మీద. మాపటికి నాపరాయి సల్లగా ఐతాది. గోడంత పొడుగు తిన్నె ఒకటి కట్టియ్యి, కిటికీ కింద. మంచమైతే వచ్చి నిలబడుకున్నట్టు ఉంటాది. తిన్నెయితే గోడలోంచి మొలిసినట్టు ఉంటాది. గదికి అడ్డం కాదు."

కెరోలిన్ చేతులు తుడుచుకోవడం మర్చిపోయింది. మొదటినుంచీ ఆమె గది నడుమకు ఏం తేవాలా అని చూస్తోంది. గోడను అడగాలని తోచలేదు.

బండలు ముసలాయన పని చేసిన గనినుంచే వచ్చినాయి. గోడ పొడుగునా, మోకాలెత్తు తిన్నె లేచింది. దాని మీద పరుపు, పరుపు మీద తెల్లదుప్పటి, కాళ్ల దగ్గర మడతపెట్టిన బొంత. అంతే. శనివారం అమూల్య వచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పులు విడిచి లోపలికి పోయి తిన్నె మీద కూర్చుంది, తర్వాత పడుకుంది. పది నిమిషాలు అలాగే ఉంది.

"లేవబుద్ధి కాలేదు" అంది అమూల్య లేస్తూ. ఆమె నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

మరుసటి ఆదివారం చర్చి విడిచినాక కెరోలిన్ ముసలివాళ్లిద్దరినీ బంగళాకు పిల్చుకొచ్చింది. దీవెనమ్మ ఆయాగా ఆరేళ్లు తిరిగిన ఇల్లే గాని, శాంసన్ ఏనాడూ గేటు దాటలేదు. పెండ్లికి ముందు ఆమె కోసం గేటు కాడ నిలబడేవాడట, అంతవరకే. ఇప్పుడు భార్య చెయ్యి పట్టుకుని మెట్లెక్కినాడు. కెరోలిన్ రెండడుగుల వెనక నడిచింది.

"ఇది నడవ. రెండు కుర్చీలుండాయి, పేమువి. ఇది పడమటి గది. బల్ల ఉండాది, బల్ల మీద దీపం. గోడలు తెల్లగా, పెరుగు మాదిరి ఉండాయి." దీవెనమ్మ ఒక్కో గుమ్మం దగ్గర ఆగి, ఒక్కో వస్తువు పేరు చెప్పింది. తను అమర్చిన గదుల్ని ఇంకొకరి నోటినుంచి కెరోలిన్ ఎన్నడూ వినలేదు. ఎన్నో రోజులు తలపట్టుకుని చేసినదంతా అంత చిన్న మాటల్లో పట్టింది. ఏదీ తక్కువ కాలేదు.

తూర్పు గదిలో శాంసన్ తిన్నె అంచు పట్టుకుని, అరచెయ్యి ఆ చివరనుంచి ఈ చివరదాకా నడిపించినాడు. ఒక మూల వేలితో గీరి, "ఈడ పాలిషు సరిగ్గా పట్టలేదు" అని, "ఐనా మంచి బండ" అన్నాడు. తర్వాత మెల్లగా కూర్చున్నాడు. గాలికి తెర వచ్చి భుజానికి తగిలింది. దాన్ని వేళ్లతో పట్టుకున్నాడు.

"తెరలు ఏం రంగు?"

"ఎరుపు" అంది దీవెనమ్మ. "పండు మిరపకాయ ఎరుపు. నువ్వు పెండ్లికి తెచ్చిన కోక రంగు."

కెరోలిన్ పాలమీగడ తెరల వైపు చూసి, దీవెనమ్మ వైపు చూసింది. దీవెనమ్మ కళ్లతోనే వద్దని సైగ చేసింది.

"అవునా పాపా? ఎరుపేనా?"

"ఎరుపే తాతా" అంది కెరోలిన్.

"తెల్ల గోడకు ఎరుపు బాగుంటాది" అన్నాడు శాంసన్, తెర వదలకుండా.

సోమవారం పొద్దున కెరోలిన్ మగ్గాల దగ్గరికి పోయి ఎర్ర నూలుగుడ్డ నేయమని చెప్పింది. వచ్చిన గుడ్డ అడిగినదానికన్నా ఒక చాయ ముదురుగా ఉంది. ఆ ఒక్క గదికే తెరలు మార్చింది. అమూల్యకు మొదటివే నచ్చినాయి, ఆ సంగతి రెండుసార్లు చెప్పింది కూడా. కెరోలిన్ ఊఁ కొట్టి, ఎర్రవాటినే ఉంచింది.