గోళ్ళు పెరిగే వేగం

"ఈవేళ ముక్కేంటి?"

గడ్డానికి నురగ పట్టించుకుంటూ స్నానాలగదిలోంచి ఆయన కేకేశాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. మండుతున్న కళ్ళని మోచేత్తో ఒత్తుకుని, పొయ్యి మీది పాలని ఓ కంట కనిపెడుతూ, గొంతు పెంచి చెప్పింది.

"ఆక్టోపస్‌కి మూడు గుండెలు. ఈదేటప్పుడు వాటిలో ఒకటి కొట్టుకోవడం ఆగిపోతుంది. అందుకే అది ఈదడం కన్నా పాకడానికే ఇష్టపడుతుంది."

"నిజమేనా? ఎవడైనా ఫోన్ చేసి తిడితే?"

"రెండు పుస్తకాల్లో చూశాను."

ఆ మాట చాలు ఆయనకి. అద్దం ముందు నిలబడి రేడియో గొంతు పెట్టి వల్లె వేసుకున్నాడు. "శ్రోతలారా! మనకున్నది ఒకే ఒక్క గుండె. దాన్నే ఎవరికివ్వాలో తెలియక చస్తున్నాం..." గుండెల మీద హాస్యం ఆయన సొంతం. న్యాయం చెప్పుకోవాలంటే హాస్యమెప్పుడూ ఆయనదే.

రేడియోలో ఆయనకి పొద్దున పూట ఓ కార్యక్రమం ఉంది. సైన్సు, చరిత్ర, తిండి, బొమ్మలు, జంతువులు, ఏదైనా సరే వినేవాళ్ళు 'అలాగా!' అనుకోవాలి. బస్సు డ్రైవర్లు వింటారు, గడ్డం గీసే దుకాణాల్లో వింటారు, ఆమె పనిచేసే బడి స్టాఫ్‌రూమ్‌లోనూ వింటారు. అరటిపండు వృక్షశాస్త్రం లెక్కన బెర్రీ అనీ, స్ట్రాబెర్రీ మాత్రం కాదనీ చెప్పిన రోజు లెక్కల టీచరు ఆమె బల్ల దగ్గరికొచ్చి మరీ అంది. "ఆయన బుర్రలో ఇన్నెలా పడతాయండీ! మీకు ఇంట్లో పొద్దుపోకపోవడమనేదే ఉండదు." ఆమె నవ్వి, "ఆయనకి జ్ఞాపకశక్తి ఎక్కువ" అంది. అబద్ధం కాదు. చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకుంటాడు. ఎవరు చెప్పారన్నదే గుర్తుండదు. బడి లైబ్రరీలో మధ్యాహ్నం విరామంలో నిలబడి పేజీలు తిరగేసేదీ, ఒక పుస్తకంలో ఉన్నది ఇంకో పుస్తకంలో ఉందో లేదో చూసేదీ, దాన్ని నోట్లో పట్టేంత చిన్నగా చేసేదీ ఆమె. అదొక పని అని ఎవరూ అనుకోలేదు. నిజానికి చాలాకాలం ఆమె కూడా అనుకోలేదు. టీలో చక్కెర వేసినట్టు, చొక్కాకి ఊడిన గుండీ కుట్టినట్టు, అదీ పొద్దుటి పనుల్లో ఒకటి.

గలగల వచ్చేదాకా అలాగే ఉండేది.

గలగల అని పేరు పెట్టింది అత్తగారు. కార్యక్రమంలో ఆయనకి జోడీగా ఓ అమ్మాయిని తీసుకున్నారు. ఆ అమ్మాయి మాట్లాడే దానికన్నా నవ్వేది ఎక్కువ. ఆయన ఒక ముక్క చెబుతాడు, ఆ అమ్మాయి "అయ్య బాబోయ్, నిజంగానా!" అంటుంది, ఆ తర్వాత ఆ నవ్వు. ఇన్నేళ్ళూ ఆమె చెప్పిన వాటికి ఆయన 'నిజమేనా' అని అడిగాడే గానీ 'నిజంగానా!' అని ఆశ్చర్యపడింది లేదు.

"ఆ పిల్ల నవ్వుతుంటే చెవిలో చక్కెర పోసినట్టుందే" అనేది అత్తగారు, రేడియో ఒళ్ళో పెట్టుకుని. "నువ్వూ అప్పుడప్పుడూ నవ్వచ్చు. పన్నేమీ కట్టక్కర్లేదు."

ఓ రోజు ఎవరూ లేనప్పుడు గిన్నెలు తోముతూ ఆమె ఆ నవ్వు నవ్వి చూసింది. మొదటి సగం వచ్చింది. రెండో సగం దగ్గర దగ్గొచ్చింది. సబ్బు చేతులతో గొంతు పట్టుకుని నిలబడితే, తన మీద తనకే అసహ్యం వేసింది. నలభై దాటిన మనిషి, పదిమంది పిల్లలకి మర్యాద నేర్పే మనిషి, గిన్నెల ముందు నిలబడి పరాయి పిల్ల నవ్వు దొంగిలిస్తోంది. పోనీ ఆ అమ్మాయి ఆయన మీద కన్నేసిందేమో అనుకుని కుళ్ళుకుంటే అందులో ఒక మర్యాదైనా ఉండేది. ఇది అది కాదు. కొంచెం అదీ ఉంది, కాదనడమెందుకు. ఆయన తువ్వాలు తీస్తూ, చెప్పులు వేసుకుంటూ, "తను ఇట్టే అందుకుంటుంది తెలుసా, నేను సగం చెబితే చాలు" అన్నప్పుడల్లా ఆమె కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగేది. కానీ అసలు మంట వేరే చోట ఉంది. తను వండినది వేరే ఇంట్లో వడ్డిస్తుంటే, వాసన మాత్రం తన కిటికీలోంచి వస్తున్నట్టుండేది. పాత చిత్రకారులు వాడిన ఒక నీలిరంగు రాతిని నూరి చేసేవారనీ, ఒక్కోసారి అది బంగారం కన్నా ఖరీదుండేదనీ ఆమె ఓ సాయంత్రమంతా చదివి చెబితే, గలగల దాన్ని విని "అయితే నా చీర రంగు అదే!" అంది. అందరూ నవ్వారు. అత్తగారు కూడా.

ఆ శీతాకాలంలోనే ఆమె అక్క పోయింది.

అక్కది పెద్ద చదువు కాదు. కుట్టు మిషను మీద పనిచేసేది. కానీ ప్రపంచంలో వింతలన్నీ ఆమెకి మొదట చెప్పింది అక్కే. బట్టలు చుట్టి వచ్చిన పాత పత్రికల కాగితాలు చదివి, "ఒకప్పుడు క్యారెట్లు ఊదారంగులో ఉండేవట, ఇదిగో వేశారు" అని మిషను ఆపి మరీ చెప్పేది. చెప్పి, చెల్లెలి మొహం వంక చూసేది. ఆ చూపు కోసమే ఆమె సైన్సు చదివిందంటే ఎవరూ నమ్మరు.

ఆసుపత్రిలో చివరి వారం అక్క చేతులు సన్నగా పుల్లల్లా అయిపోయాయి గానీ గోళ్ళు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. దుప్పటికి తగులుకుంటున్నాయని ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని, ఒక్కో వేలూ తన అరచేతిలో పెట్టుకుని తీస్తోంది. అక్క కిటికీ వంక చూస్తూ అంది. "చంద్రుడు మన నుంచి ఏటేటా దూరం జరుగుతున్నాడట కదే. ఎంతనుకున్నావు? ఇంచుమించు గోళ్ళు పెరిగినంత వేగంగా."

"అవునక్కా, తెలుసు."

"నీకన్నీ తెలుసు. వాడికి కూడా కత్తిరించేవాళ్ళెవరైనా ఉంటే బాగుణ్ణు. ఇక్కడే ఉండేవాడు."

ఇద్దరూ నవ్వారు. అక్క నవ్వితే ఆయాసం వచ్చింది. ఆ తర్వాత అక్క మాట్లాడినవి మందుల గురించీ, నీళ్ళ గురించీ. కాబట్టి ఆమె లెక్కలో అక్క ఆఖరి మాట అదే. ఫ్లాస్కు పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడ్డాడని ఆమెకి గుర్తుంది. విన్నాడని మాత్రం తెలియదు.

ఆ ముక్క ఆమె ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఎన్నో పొద్దులు వేరే ఏదీ తట్టకపోయినా, ఉప్పు గురించీ చీమల గురించీ ఏదో వెతికి ఇచ్చింది గానీ దాన్ని ముట్టుకోలేదు.

ఆక్టోపస్ ప్రసారమైన వారానికి ఆమె పొయ్యి గట్టు తుడుస్తోంది. అత్తగారి గదిలోంచి రేడియో. గలగల గొంతు.

"మా అక్కకి ఒంట్లో బాగోలేనప్పుడు నేను గోళ్ళు తీస్తుంటే తను ఏమందో తెలుసా అండీ? చంద్రుడు కూడా సరిగ్గా ఇంత నెమ్మదిగానే మననుంచి దూరమవుతున్నాడట! నేనన్నానూ, వాడికి కూడా కత్తిరించేవాళ్ళుంటే బాగుణ్ణక్కా అని!"

తర్వాత ఆ నవ్వు. రెండు సగాలూ.

తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది. నీళ్ళు గట్టు అంచునుంచి పాదం మీద కారుతున్నాయి. అత్తగారు గదిలోంచి, "పాపం, ఆ పిల్లకీ అక్క ఉందన్నమాట" అంది జాలిగా. ఆ జాలి తన అక్క దినవారాలప్పుడు కూడా ఇంత మెత్తగా పలకలేదు. ఆమెకి ఏడుపు రాలేదు. అసూయ వచ్చింది. ఇంతకుముందెప్పుడూ రానంత స్వచ్ఛంగా, తలనొప్పిలా, ఒక్కచోట. ఆ పిల్లకి రెండు నిమిషాల పాటు అక్క ఉంది. తనకి లేదు.

సాయంత్రం ఆయన బూట్లు విప్పుతుండగా అంది.

"అది మా అక్క మాట."

"ఏది?"

"చంద్రుడు."

"ఓ, అదా!" ఆయన మొహం వెలిగింది. "ఎంత బాగా వచ్చిందో విన్నావా? ఎన్ని ఫోన్లో! నేను చెబితే అంత పండదోయ్. మగాడు గోళ్ళ గురించి మాట్లాడితే ఏం బాగుంటుంది? అందుకని తనకిచ్చాను. 'మా అక్క' అని చెప్పు, మనసుకి పట్టుకుంటుంది అన్నాను."

"ఆ అమ్మాయికి అక్క ఉందా?"

"ఏమో. ఎవరిక్కావాలి?"

"నాక్కావాలి."

ఆయన సాక్సు చేతిలో పట్టుకుని ఆమె వంక ఓపిగ్గా చూశాడు. అర్థంకాని పిల్లలవంక బడిలో తను చూసే చూపు అది. "చూడు, చంద్రుడు మీ అక్క సొత్తా? నిజాలకి యజమానులుంటారా? నువ్వే చెప్పు, సైన్సు టీచరువి."

"చంద్రుడు ఎవరి సొత్తూ కాదు" అంది ఆమె.

"మరి?"

మరి గోళ్ళు? ఆ మాట పైకి అనలేదు. "ఆ పిల్ల మీద నీకు కుళ్ళు, అంతే. అమ్మ కూడా అంటోంది" అని ఆయన నవ్వుతూ లేచాడు. ఆమె కాదనలేదు. కుళ్ళే. ఉన్నది కాదనడం ఆమెకి చేతకాదు.

సెలవురోజు కార్యక్రమంలో శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడతారు. ఆ రోజు ముక్క అక్కర్లేదు కాబట్టి ఆయన ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. ముందుగదిలో అత్తగారు రేడియో పెట్టుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. వంటింట్లో నిలబడి ఆమె ఫోన్ తీసింది. ఆ నంబరు ఊళ్ళో అందరికీ నోటికొచ్చు. లైను ఖాళీ లేదు. మళ్ళీ చేసింది. ఎవరో "ఆగండి, కలుపుతున్నాం" అన్నారు. తర్వాత చెవిలోనే ఆ గొంతు.

"హలో, చెప్పండీ! ఎవరు మాట్లాడుతున్నారు?"

"ఒక టీచర్నండీ."

"అమ్మో, టీచరమ్మా! మమ్మల్ని బెంచీ ఎక్కించరు కదా?" నవ్వు. పక్కనే ఆయన నవ్వు కూడా మొదలైంది. మొదలై, మధ్యలో తెగింది.

ముందుగదిలో రేడియోలోంచి తన గొంతు వినబడింది, ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ పెట్టెలోంచి తన మాటలు ఎన్నోసార్లు విన్నది గానీ తన గొంతు వినడం ఇదే మొదలు. అంత బొంగురుగా ఉంటుందనుకోలేదు.

"ఆ రోజు చంద్రుడి గురించి చెప్పారు. మీ అక్క చెప్పిందని."

"అవునండీ! అందరికీ ఎంత నచ్చిందో!"

"మీ అక్కకి ఇప్పుడెలా ఉందండీ?"

రేడియోలో నిశ్శబ్దం కన్నా పెద్ద తప్పు లేదని ఆయన ఎప్పుడూ అనేవాడు. ముందుగదిలో చిక్కుళ్ళు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"లైన్లో ఏదో ఇబ్బందిలా ఉంది, మనం తర్వాతి శ్రోతకి..." ఆయన గొంతు.

"లైను బాగానే ఉందండీ" అంది ఆమె.

"ఉండండి సార్" అంది గలగల. అత్తగారు గిన్నె చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రేడియోలోంచి, ఫోన్లోంచి, రెండు చోట్ల నుంచీ ఆ అమ్మాయి గొంతు వచ్చింది. అందులో నవ్వు లేదు. నవ్వు లేకపోయినా బాగుందనిపించి, అప్పుడు కూడా ఆమెకి అసూయే కలిగింది.

"నాకు అక్క లేదండీ. అలా చెప్పమంటే చెప్పాను. మీరెందుకు అడుగుతున్నారు?"

ఆమె తొందరపడలేదు. చెప్పబోయేదాన్ని ఒకసారి మనసులో అనుకుని చూసుకుంది. చూడ్డానికి ఇంకో పుస్తకం లేదు.

"ఆవిడ మా అక్కండీ. ఆ గోళ్ళు తీసింది నేను."