ఓబన్న కుడికాలికి కట్టిన సెన్సర్

నేను ఒక అగ్గిపెట్టెంత కూడా ఉండను గానీ, నన్ను కట్టుకున్న కాళ్ళ గుట్టంతా నా దగ్గరే ఉంటుంది. నా పేరు సెన్సర్. కాలు ఎటు కదిలింది, ఎంత ఎత్తు లేచింది, నేలను ఎంత గట్టిగా తాకింది, ఏదీ వదలకుండా కంప్యూటర్‌కు చేరవేస్తాను. దీన్ని చాడీలు చెప్పడం అంటారు కొందరు. నేను మాత్రం ఉద్యోగం అంటాను.

పుట్టింది ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో. నాకో జోడీ ఉంది. అది ఎడమకాలికి, నేను కుడికాలికి. మొదట ఒక ఆస్పత్రిలో పనిచేశాం. ఎముక విరిగి అతికినవాళ్ళు కుంటుతూ వచ్చి "బాగానే నడుస్తున్నా డాక్టరుగారూ" అనేవారు. నేను అసలు సంగతి చెప్పేసేదాన్ని. కొత్తరకం సెన్సర్లు రాగానే మమ్మల్ని అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు.

అక్కడ నస్రీన్ చేతిలో పడ్డాం. చివరి ఏడాది చదువుతున్న పిల్ల. చెక్కభజన అడుగులను కంప్యూటర్‌కు ఎక్కించి, తెరమీద ఒక బొమ్మ చేత వేయించి, చూసినవాళ్ళకు నేర్పించాలని ఆమె పట్టుదల. మమ్మల్ని సంచిలో వేసుకుని ఓబన్న ఊరికి బస్సెక్కింది.

ఓబన్న నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళలో చెక్కభజన నేర్పిన గురువు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, గజ్జెల కాళ్ళతో ఆయన వేసే అడుగులన్నీ శిష్యులు పట్టుకున్నారు, కొంగ అడుగు తప్ప. కుడికాలు ఎత్తి, మూడు దరువులు ఒంటికాలి మీద నిలబడి, ఎగిరి, గాలిలోనే తిరిగి దిగాలి. వచ్చే సోమవారం ఆయన మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత జన్మలో ఎగరకూడదని డాక్టరు తేల్చేశాడు. ఇప్పుడైనా రెండుసార్లకు మించి ఆ మోకాలు ఓర్చుకోదు. ఈ రోజు నేను దాన్ని పట్టుకోకపోతే ఆ అడుగు ఆయనతోనే పోతుంది. నాకు భయమేసింది.

గజ్జెలకు పసుపు కుంకుమ పెట్టకుండా కాలికి కట్టరు వాళ్ళు. ఓబన్న భార్య సుంకమ్మ గజ్జెల పక్కనే మమ్మల్నీ పెట్టి, తడి పసుపు దండిగా రాసి, బొట్టు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తడికి చెడిపోతామేమోనని నస్రీన్ మమ్మల్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన కాళ్ళకు కట్టింది. ఆస్పత్రిలో స్పిరిట్‌తో తుడిచారే తప్ప నాకు బొట్టు పెట్టినవాళ్ళు లేరు. నాకైతే బాగానే ఉంది.

వరండాలో ఓబన్న నిలబడ్డాడు. ఆయనకు ఎదురుగా నస్రీన్ ల్యాప్‌టాప్ పెట్టుకుని, తెరమీది నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. ఓబన్న ఎగిరి దిగాడు. ఆమె మొహం చిట్లించింది.

"తాతా, కుడికాలు ఎత్తాలంటిరి. దీంట్లో ఎడమకాలు లేచినట్టు వస్తాంది."

"కుడికాలే పాపా. మా గురువు నాటినుంచీ కుడికాలే."

ఇంకేముంది, నేరం నా మీద పడింది. పసుపునీళ్ళు లోపలికి పోయాయేమోనని తుడిచింది. నన్నూ జోడీనీ తారుమారుగా కట్టానేమోనని విప్పి చూసుకుంది. ఓబన్న పళ్ళు బిగపట్టి రెండోసారి ఎగిరాడు. మళ్ళీ అదే వచ్చింది. ఆయన మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"సెన్సర్ చెడిపోయింది తాతా" అంది నస్రీన్. అబద్ధాలకోరునన్న నింద నేను పడటం అదే మొదలు. చాలా బాధపడ్డాను.

తెరమీద బొమ్మ ఏం చేస్తోందో చూపిద్దామని నస్రీన్ లేచి ఆయన ఎదురుగా నిలబడి ఎడమకాలు ఎత్తింది. "అది కాదు పాపా, ఈ కాలు" అంటూ ఓబన్న తన కాలిని తట్టాడు.

"తాతా, మీరు తట్టింది ఎడమకాలు."

ఓబన్న తన చేతినీ కాలినీ కాసేపు మార్చి మార్చి చూసుకున్నాడు. తర్వాత మోకాలి నొప్పి మరిచిపోయి పకపకా నవ్వాడు.

"నువ్వు ఎదురుగా కూర్చోనుంటివి కదా. నేర్చుకునేటోళ్ళు ఎదురుగా నిలబడితే, వాళ్ళ కుడికాలు లేయాలంటే నేను ఎడమకాలు ఎత్తాల. నలభై ఏండ్లు అట్లే చూపిస్తి. మనిషి ఎదురుగా ఉంటే చాలు, నా కాలు దానంతట అదే మారిపోతాది."

నస్రీన్ ప్రాణం లేచొచ్చింది. "అయితే ఒక్క బటన్ నొక్కితే ఎడమ కుడి అయిపోతాది తాతా. మీరు మళ్ళా ఎగరక్కర్లేదు."

"తిప్పొద్దు పాపా. రేపు పిల్లోళ్ళు ఆ బొమ్మకు ఎదురుగానే కదా నిలబడేది. అట్లే ఉండనీ."

ఏడాది దాటింది. నా బ్యాటరీ పని అయిపోయింది. నస్రీన్ పారేయబోతే సుంకమ్మ ఊరుకోలేదు. పసుపు పెట్టినదాన్ని పారేస్తారా అని గజ్జెల పెట్టెలో దాచింది. అతుకుల్లో ఆ పసుపు ఇంకా అలాగే ఉంది. ఇక్కడ నాకే లోటూ లేదు.

ఆదివారం సాయంత్రాలు వరండాలో తెర కడతారు. దాని పక్కనే కుర్చీలో ఓబన్న, ఆయన పక్కన మూత తీసిన పెట్టెలో నేను. బొమ్మ ఎడమకాలు ఎత్తగానే ఎదురుగా తొమ్మిది కుడికాళ్ళు లేస్తాయి. పోయిన వారం ఇద్దరు తూలకుండా గాలిలో తిరిగి దిగారు. అందరి కళ్ళూ తెరమీదే ఉంటాయి. అదే దరువుకు ఓబన్న ఎడమకాలు కూడా నేలమీది నుంచి బెత్తెడు లేస్తుంది. ఆ సంగతి ఆయనకూ తెలియదు. నేను చూస్తూనే ఉన్నాను గానీ, ఇంతవరకు ఎవరికీ చేరవేయలేదు.