చూడకుండా రాసిన అంకె

అరుణమ్మ జబ్బకు పట్టీ చుట్టి స్వరూపరాణి బీపీ మిషన్ మీట నొక్కింది. పట్టీ ఉబ్బుతుంటే అరుణమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ఇది సూది కాదని ఆరేళ్లుగా చెబుతున్నా ప్రతిసారీ అలాగే మూసుకుంటుంది.

"నూట అరవై ఉన్నది పెద్దమ్మా. మళ్ల మామిడికాయ తొక్కు తింటున్నవా?"

"జర్రంత తిన్న బిడ్డా. తొక్కు లేంది ముద్ద దిగుతదా?"

"మరి గోలీలు?"

"తక్కువైందని బంద్ వెట్టిన."

స్వరూపరాణికి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. సంచిలోంచి మాత్ర తీసి, చెంబుతో నీళ్లు తెప్పించి, తన కళ్లముందే మింగించింది. ఆ తర్వాతే ఫోన్లో అంకె ఎక్కించి చెప్పులు తొడుక్కుంది.

సరూర్‌నగర్ చెరువు వెనక బస్తీలో ఆమె తొక్కని గడప లేదు. పొట్టి మనిషి. యాభై దాటాయి. ఎడమ మోకాలు మెట్లెక్కేటప్పుడు కలుక్కుమంటుంది. అబ్దుల్లాపూర్‌మెట్ అవతలి పల్లె నుంచి మేస్త్రీ భార్యగా వచ్చింది. ఆ మేస్త్రీ పోయాక ఆశా కార్యకర్తగా చేరి పదహారేళ్లయింది. మొదట్లో కాన్పులు, టీకాలు. ఇప్పుడు బీపీ, షుగరు. ఉప్పు తగ్గించండి, రోజూ అరగంట నడవండి అనే కరపత్రాలు ఇంటింటికీ పంచుతుంది. జనం వాటిలో కరివేపాకు చుట్టుకుంటారు. అరగంట నడవమని చెప్పే ఈ మనిషి రోజుకు ఆరు గంటలు నడుస్తుందన్న సంగతి ఎవరికీ తట్టదు. మొన్న ఎల్బీనగర్‌లో ఆరోగ్య ర్యాలీ తీస్తే బ్యానర్ పట్టుకుంది. పేపర్లో పడిన ఫొటోలో బ్యానర్ కింద ఆమె పాదాలు మాత్రమే కనిపించాయి.

ఆ రోజు ఆమె మనసు ఇళ్ల మీద లేదు, యోగేందర్ మీద ఉంది.

యోగేందర్‌ది దిల్‌సుఖ్‌నగర్‌లో మిర్చి బజ్జీల బండి. రెండు నెలల కింద, బీపీ చూడాల్సినవాళ్ల లిస్టు ముగించాల్సిన రోజున మూడుసార్లు వెళ్లినా అతను ఇంట్లో దొరకలేదు. అంకె వేయనిదే ఫోన్లో లిస్టు ముందుకు కదలదు. నర్సు విజయశ్రీకి చెబితే, "ఇప్పటికి నార్మల్ అని రాసేయండి స్వరూపా, తర్వాత చూసుకుందురుగానీ" అంది. విజయశ్రీ చెడ్డ మనిషేం కాదు, ఆమె నెత్తిన ఆమె పైవాళ్లున్నారు. దొరకని మనుషులకు నూట ఇరవై, ఎనభై అని వేసేయడం ఆ పనిలో అందరికీ అలవాటే. స్వరూపరాణి అంతకుముందూ వేసింది, తర్వాత వెళ్లి చూసి దిద్దుకుంది. యోగేందర్‌ది దిద్దలేదు. అదే అంకె కార్డు మీద కూడా రాసి అతని భార్య పద్మలత చేతికిచ్చింది.

పోయిన వారం బండి పక్కన రోడ్డు అంచున తల పట్టుకుని కూర్చున్న యోగేందర్‌ను బస్సు కిటికీలోంచి చూసింది. ఆనాటి నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు.

పన్నెండింటికి వెళ్లేసరికి అతను బండిని వాకిట్లోంచి బయటికి తోస్తున్నాడు. భారీ మనిషి. మెడ మీద చెమట ధారకట్టింది.

"యోగేందరూ, జర ఆగు. చెయ్యియ్యి, రెండు నిమిషాలు."

"ఏందక్కా, పొయ్యే టైంల పట్టుకుంటవ్?"

"తలకాయ నొస్తుందట గదా?"

"ఎండకు నొస్తది. నా బీపీ మంచిగున్నదని నువ్వే రాసిస్తివి. పద్మ దవాఖానకు నడువుమని లొల్లి వెడితే నీ కార్డే సూపెట్టిన. నోరు మూసింది." గట్టిగా నవ్వాడు.

చెప్పేయాలి. నేను చూడకుండానే రాశాను తమ్ముడూ అనాలి, అంతే. గుమ్మంలో పద్మలత, నల్లా దగ్గర నలుగురు ఆడవాళ్లు. ఈ మాట పొక్కితే రేపటి నుంచి బస్తీలో ఎవరు చెయ్యిస్తారు? అది ఆమె తనకు తాను చెప్పుకున్న కారణం. అసలు కారణం సిగ్గు. అతను నోరారా అక్కా అంటున్నాడు.

"సాయంత్రం బండి కాడికే ఒస్త. అప్పుడన్న చెయ్యియ్యి."

"రా అక్కా. నూనెవి తినొద్దని చెప్పేదానివి, నీకే ఏడేడి బజ్జి పెడత."

బండి సందు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం పదకొండు ఇళ్లు తిరిగింది. ఐదింటికి మిషన్ సంచిలో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది. మెట్రో స్తంభం కింద బండి ఉంది, పొయ్యి ఆరిపోయి ఉంది. పక్కన చెరుకురసం అమ్మే తిరుపతి ఆమెను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"నాలుగింటికి కూలవడ్డడమ్మా. పిండి కలుపుకుంటనే ఒరిగిండు. ఆటోల ఏసుకపోయినం గనీ, దవాఖాన దాక పోనేలేదు పానం. అట్నే ఇంటికి తీస్కపోయిండ్రు."

తిరుపతి యోగేందర్ బండిని తోసుకుంటూ సరూర్‌నగర్ వైపు నడిచాడు. ఆమె ఆ బండి ఒక పక్క పట్టుకుని వెంట నడిచింది. మోకాలు నొప్పి ఆమెకు తెలియలేదు.

వాకిలి నిండా జనం. పద్మలత గోడకు ఆనుకుని కూర్చుంది. స్వరూపరాణిని చూడగానే చేతిలోని కార్డు చాపింది. యోగేందర్ దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాడు.

"గిండ్ల మంచిగనే ఉన్నది గదా అక్కా. మరెట్ల పాయె?"

విధి అనొచ్చు. ఎండ అనొచ్చు. అంటే అందరూ నమ్ముతారు, పద్మలత ముందుగా నమ్ముతుంది. స్వరూపరాణి ఆమె ఎదుట నేల మీద కూలబడింది.

"నేను సూడలే పద్మా. మీ ఇంటాయన చెయ్యి ఒక్కనాడు గూడ పట్టలే. సూడకుంటనే రాసిన."

ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పద్మలత తిట్టలేదు.

"నా మాట ఇంటుండె అక్కా. దవాఖానకు పోదాం పా అని ఇంక రెండుసార్లు అంటే ఒచ్చుండె. నీ రాత జూసి నేనే ఊకున్న."

ఎవరో స్వరూపరాణిని లేవమన్నారు. ఆమె లేవలేదు. పద్మలత ముఖం తిప్పుకుంది గానీ పొమ్మనలేదు.

తిరుపతి బండిని గోడవారకు చేర్చి, చక్రాల కింద రాళ్లు పెట్టి వెళ్లిపోయాడు. దాని మీద గిన్నెలో యోగేందర్ సగం కలిపిన శనగపిండి అలాగే ఉంది. అంచుల్లో ఎండిపోతున్న ఆ పిండిలో అతని అయిదు వేళ్ల జాడ ఇంకా చెరగలేదు.