ముతైబ్ గుడారంలో గహ్వా

సౌదీలో హాయిల్ పట్నం దాటి చాలా దూరం పోతే, జింకల కోసం సర్కారు కంచె వేసిన నేల ఉంది. తాతల నాటి నుంచి అక్కడ మందలు మేపుకున్నది నన్ను పనికి తెచ్చుకున్న యజమాని, మా కఫీల్ అబూ ఫహద్ వంశంవాళ్లే. కంచె పడ్డాక ఆ వంశం రెండుగా చీలింది. అబూ ఫహద్ కొడుకులకు ఉద్యోగాలున్నాయి, ఒంటెలకు బార్లీ లారీలో వస్తుంది. ఆయన చిన్నాన్న కొడుకు ముతైబ్‌కు మేపే నేల పోయింది, మేత కొనే శక్తి లేదు. మంద అమ్ముకోగా మూడు మేకలు మిగిలాయి. పాలిచ్చేది నల్లదొక్కటే. ముతైబ్ భార్య మంచం పట్టింది. ఆ పాలే ఆమెకు తిండి.

నేను అబూ ఫహద్ ఒంటెల కాపరిని. ముతైబ్ మేకలు అట్టముక్కలు నములుతుంటే చూసి ఊరుకోలేకపోయాను. నా జీతంలో ఒక బస్తా బార్లీ కొని, నీళ్ల ట్యాంకరు నడిపే మా కడప నబీ రసూల్ బండిలో వేసుకుని శుక్రవారం పొద్దున వెళ్లాను.

ముతైబ్ ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. బస్తా వైపు చూడలేదు. మమ్మల్ని గుడారంలో కూర్చోబెట్టి, అరబ్బు కాఫీ గహ్వా పోసి బయటికి పోయాడు. కాసేపటికి కత్తి నూరుతున్న చప్పుడు.

నబీ రసూల్ నా చెవిలో అన్నాడు. "అయిపాయ పీరన్నా. ఇంటికొచ్చినోళ్లకు కోయకుండా ఇడుస్తాడా ఈయప్ప? తక్కిన రెండూ ఎముకలగూళ్లు. నల్లదాన్నే పట్టినాడు సూడు. నీ బస్తా ఆ మంచం పట్టినామె పాలు తాగేసిందబ్బా."

"వద్దని చెప్తే?"

"చెప్పు. పేదోడివని మొగం మీద అన్నెట్లే."

అప్పుడు అబూ ఫహద్ ఇంట్లో చూసింది గుర్తొచ్చింది. ఏదైనా అడగడానికి వచ్చినవాడు గహ్వా గిన్నె తాగకుండా కింద పెడతాడు. అడిగింది ఇస్తాననేదాకా ముట్టడు. తాగకుండా పోతే ఆ ఇంటికి తలవంపు.

గిన్నె కింద పెట్టాను. ముతైబ్ చూసి, కత్తి చేతిలో ఉండగానే లోపలికి వచ్చాడు.

"తాగు పీర్. నీ కోరిక తీరినట్టే."

"ఆ నల్ల మేక నాకు కావాలి. ప్రాణంతో."

"నీదే," అన్నాడు.

గహ్వా తాగాను. "ఒంటెల దొడ్లో మేకను ఎక్కడ కట్టను? నీ దగ్గరే ఉండనీ. మేత నాది, తెచ్చాను. కాచినందుకు పాలు నీవి. ఇంకోమాట. తోడు లేకుంటే నా మేక మేత ముట్టదు. తక్కినవాటినీ కోయొద్దు."

ముతైబ్ కత్తి ఒరలో పెట్టి, ఖర్జూరాల పళ్లెం ముందుకు జరిపాడు. బస్తా ఆయనే దింపుకున్నాడు.

తిరిగి వస్తూ నబీ రసూల్ పగలబడి నవ్వాడు. "ఇన్నేండ్లు గల్ఫులో ఉండి ఒక్క మేకను సంపాయిస్తివి. దాన్నీ ఆడనే ఇడిసి వస్తివి!"

మరుసటి వారం అబూ ఫహద్ దొడ్డికి వచ్చాడు. "ముతైబ్ దగ్గర నీ మేక ఉందట?"

"ఉంది."

ఆ సాయంత్రం ఆయన ట్యాంకరు పక్కన నాలుగు బస్తాల బార్లీ దింపించాడు.

"నీ మేకకు," అన్నాడు.

ఒక్క మేక అంత తింటుందా అని నేను అడగలేదు.