కిటికీ కింద ఏడుపు

నా భర్తను ఎర్రమట్టిలో పెట్టి నెల కాలేదు. అడిలైడ్‌లో విశ్వవిద్యాలయం ఆవరణలో అడుగు పెట్టగానే ఆయన గొంతు వినబడింది. సంగీతం క్లాసులో, స్పీకర్లోంచి, నిండుగా పాడుతున్నాడు. నేను బయటే కూచుండిపోయాను.

మా ఆదివాసుల్లో పోయినవాడి పేరు పలకం. ఆయన పాట పాడం, వినం. పెద్దలు ఇక చాలు అనేదాకా అంతే. ఆయన ఆ గదిలోనే మా పిల్లలకీ తెల్లవాళ్ల పిల్లలకీ ఏళ్ల తరబడి పాట నేర్పాడు. ఆయన చోట మా పెద్దల్లో ఇంకొకరిని పిలవమంటే, రికార్డు ఉందిగా అన్నారు విశ్వవిద్యాలయం వాళ్లు. పనివాళ్లూ, చదువుకునే పిల్లలూ, వినండి: మనిషి అక్కర్లేదట, గొంతుంటే చాలట!

మా పిల్లలు చెవులు మూసుకుని బయటికి వచ్చేశారు. నా చెల్లెలి మనవరాలు రోండా ఒక్కతే గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఆపండి సార్. ఆయన భార్య బయట కూచునుంది."

"పరీక్షకి ఈ పాటే ఉందమ్మా. నేను జీతగాణ్ణి, పైవాళ్లని అడగండి," అన్నాడు మేష్టారు హ్యారిస్.

పైవాళ్లు కమిటీ వేస్తామన్నారు. గొంతు రోజూ మోగుతూనే ఉంది.

చెట్టు కింద మీటింగు పెట్టుకున్నాం.

"వైర్లు కోసేద్దాం!" గిటారు వాయించే క్లిఫ్టన్ లేచాడు.

"ముందు నీ స్కాలర్‌షిప్పు కోస్తార్రా, తిక్కలోడా," అన్నారెవరో.

"అయితే ఆయన పాటే మనమూ గట్టిగా పాడి..."

"మతుందిట్రా నీకు?" అన్నాను.

పాడలేం. పేరెత్తి నినాదం ఇవ్వలేం. మా కట్టుబాటే మా నోరు కట్టేసింది.

రోండా నా భుజం పట్టుకుంది. "అవ్వా, ఏడవచ్చు కదా?"

ఏడవచ్చు. చావు ఏడుపుకి మాలో అడ్డు లేదు.

చావు గుర్తుగా తెల్లమట్టి పూసుకుని కిటికీ కింద కూచున్నాం. నేను రాగం ఎత్తుకున్నాను. అందరూ అందుకున్నారు. లోపలి గొంతు మునిగిపోయింది. హ్యారిస్ కిటికీలోంచి చూశాడు, తల తిప్పుకున్నాడు, ఆపలేదు.

పోలీసులు వచ్చారు.

"గోల ఆపండి!"

"గోల కాదయ్యా, సావు," అంది రోండా.

ముందు దాన్నే ఈడ్చుకెళ్లారు. వ్యాను మలుపు తిరిగేదాకా అదే రాగం వినబడింది.

మర్నాడు కిటికీలు మూసి మళ్లీ పాట పెట్టారు. అద్దాల వెనకనించి ఆయన గొంతు సన్నగా వస్తూనే ఉంది. ఏం చేయగలం? మళ్లీ కూచున్నాం. రోండా చోటు ఖాళీగా ఉంచాం. కాసేపటికి క్యాంటీన్‌లో అంట్లు తోమే ఆడవాళ్లు, వయొలిన్ క్లాసు పిల్లలు వచ్చి మా పక్కన చేరారు. వాళ్లకి మా ఏడుపు రాదు.

నేర్పుతున్నాను.