పట్టేసిన బ్రేకు

“బ్రేకు మీద చెయ్యి తీసి నడుపు. నీ భయమే బండిని ఆపేస్తోంది,” అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆమె అతని భోజనం డబ్బాకి మూత బిగిస్తోంది. స్కూటరు ముందుకు సాగడం లేదని, ఎవరో పట్టి వెనక్కి లాగుతున్నట్టుందని చెప్పడం ఆమెకిది మొదటిసారి కాదు. చెప్పినప్పుడల్లా అతను నవ్వేవాడు. ఆ నవ్వులో కోపం ఉండేది కాదు, అందుకే నమ్మింది. తనది భయమే కాబోలనుకుని, వేళ్ళు బ్రేకుకి తగలకుండా చాచుకుని నడిపేది. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా అద్దాలు బిగించి ఇల్లు చేరేసరికి భుజాలు లాగేసేవి. వంతెన అవతల తెరుస్తున్న కొత్త దుకాణం నువ్వే చూసుకోమ్మా అని యజమాని అడిగితే, “ఈ కాస్త దూరానికే డీలా పడిపోతున్నావు, అంత దూరం ఏం వెళ్తావు?” అన్నాడు భర్త. అదీ నిజమే అనిపించింది. కుదరదని చెప్పేద్దామనుకుంది.

సెలవు రోజున కూరగాయలు తెచ్చి బండి ఆపగానే ముందు చక్రం దగ్గర కాలిన వాసన వచ్చింది. చెయ్యి దగ్గర పెడితే సెగ. చల్లారనిచ్చి, సెంటర్ స్టాండు వేసి, గుమ్మంలో ఉన్న అత్తగారిని పిలిచింది.

“అత్తయ్యా, సీటు చివర కూర్చుంటారా? ముందు చక్రం పైకి లేవాలి.”

“నా బరువు ఇన్నాళ్ళకి ఒకరికి అక్కరకొచ్చిందన్నమాట!” అంటూ ఆవిడ ఎక్కి కూర్చుంది.

ఆమె చక్రాన్ని రెండు చేతులా బలంగా తిప్పింది. కర్రుమని గీసుకుంటూ కాస్త తిరిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆగింది. రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. బ్రేకు మీద ఎవరి చెయ్యీ లేదు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏమైందమ్మా?”

“నా భయం కాదత్తయ్యా. బ్రేకే పట్టేసింది.”

ఆవిడ ఆగిపోయిన చక్రం వైపు చూసింది. “మీ మామగారు నన్ను నత్త అనేవారు. రెండు చేతుల్లో సంచులు, చంకలో మీ ఆయన. పరుగెత్తమంటే ఎలా పరుగెత్తను?” అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

వీధి చివర విడిభాగాల కొట్టుకెళ్ళి బ్రేకు గ్రీజు తెచ్చింది. బోల్టులు విప్పి, చక్రాన్ని పట్టుకునే కాలిపర్‌ని ఊడదీసింది. అది అటూ ఇటూ జరగడానికి ఉన్న పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. గీకి, తుడిచి, గ్రీజు పట్టించింది. కళ్ళజోళ్ళ మరలతో వేగే వేళ్ళకి ఇదేమంత పని! బిగించి, బ్రేకు గట్టిపడేదాకా నొక్కి వదిలి, చక్రం తిప్పింది. తిరిగింది, తిరుగుతూనే ఉంది.

“ఇద్దరూ అక్కడేం చేస్తున్నారు? ఇవాళ టీ లేదా?” కిటికీలోంచి భర్త.

“మాక్కూడా పెట్టరా, చేతులకి గ్రీజుంది,” అంది అత్తగారు, శుభ్రంగా ఉన్న చేతులు వెనక్కి దాచుకుంటూ.

బ్రేకు ఎలా పడుతుందో సందులోనే మెల్లగా చూసుకుని, అత్తగారిని వెనక ఎక్కించుకుని వంతెన దాకా వెళ్ళింది. బండి ఇంత తేలికని ఆమె మరిచేపోయింది. వంతెన మధ్యలో, అంచున ఆపింది. కింద నీళ్ళు మెరుస్తున్నాయి.

“కొత్త దుకాణానికి వస్తానని చెప్పేస్తానత్తయ్యా.”

నడుం చుట్టూ ఉన్న చెయ్యి కాస్త బిగిసింది. “వాడికి నేను చెప్పనా?”

“వద్దు,” అందామె. “నేనే చెప్తాను.”