వెనక్కి నడిచే గైడమ్మ

పాత బజారు చూపించే గైడమ్మ జనం వైపు మొహం పెట్టి, మాట్లాడుతూ వెనక్కి నడుస్తుంది. ఆ వీధి ఆమెకు కొట్టినపిండి. తన వెనక ఏముందో జనం మొహాలే చెబుతాయి. తలలు పైకెత్తితే గడియార స్తంభం, నోళ్లు వెళ్లబెడితే రంగుటద్దాల మేడ.

వీధి చివర, ఎన్నడో మూతబడిన దర్జీ దుకాణం వచ్చేసరికి మాత్రం అందరూ ఆవలిస్తారు. ఇవాళ ఒక్కరూ ఆవలించలేదు. పట్టపగలు, అందరి చూపులూ ఆ తలుపు దగ్గర ఆగాయి. అక్కణ్ణుంచి మెల్లగా ఆమె వైపు జరుగుతూ వచ్చి, భుజం దగ్గర నిలిచిపోయాయి.

“ఏం చూస్తున్నారండీ?”

“మెళ్లో టేపు వేసుకున్నాయన్ని,” అంది ముందున్న పెద్దావిడ. “ఆ తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు. మీ మనిషే కదమ్మా?”

ఆ తలుపు తాళం తుప్పుపట్టి ఎప్పుడో బిగుసుకుపోయిందని గైడమ్మకు తెలుసు. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. తిరిగి చూసే ధైర్యం చాలక, అలవాటు కొద్దీ ఇంకో అడుగు వెనక్కే వేసింది.

చల్లటి టేపు ఒకటి ఆమె వీపు మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా పరుచుకుంది.

“రోజూ సగంలోనే వెళ్లిపోతావు,” అంది చెవి పక్కన ఒక ముసలి గొంతు, విసుగ్గా. “కాస్త కదలకుండా నిలబడమ్మా. ఇదొక్క కొలతే మిగిలింది.”